ఆడపిల్ల వెళ్లిన ఇంట్లో మన చరిత్ర

వంశవృక్షం గీద్దామని కూర్చున్నవారికి మొదటి చిక్కు ఆ మాటలోనే ఎదురవుతుంది. చెట్టు మొలిచిన చోటనే పెరుగుతుంది. కుటుంబం అలా పెరగదు. కరవుకు ఒక కొమ్మ, పెళ్లికి ఒక కొమ్మ, బతుకుదెరువుకు మరో కొమ్మ తెగిపోయి వేరే నేలలో నాటుకుంటాయి. మన ఇళ్లలో పెద్దలు రాసిపెట్టిన వంశవృక్షాలను ఒకసారి చూడండి. మూలపురుషుడు, ఆయన కొడుకులు, వారి కొడుకులు. పైనుంచి కిందికి దించిన నిచ్చెనలా ఉంటుంది. ఆ నిచ్చెన మీద తల్లులు, అక్కచెల్లెళ్లు కనబడరు. వారి సంగతి వారు వెళ్లిన ఇళ్ల వంశవృక్షాల్లో ఉంటుంది కదా అని సరిపెట్టుకుందామంటే, అక్కడా ఉండదు. అక్కడ ఆమె ఫలానా వారి భార్య. ఒక్కోసారి అదీ రాయరు.

కొన్నేళ్లుగా మా కుటుంబ చరిత్రను తవ్వుకుంటూ నేను తెలుసుకున్న ఒక సంగతిని మిత్రులతో పంచుకుందామని ఈ టపా. మన ఇంటి చరిత్రలో మనం పోగొట్టుకున్న భాగం చాలాసార్లు మన ఆడపిల్లలు వెళ్లిన ఇళ్లలో భద్రంగా ఉంటుంది. వరంగల్లులో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి దీనికి సాక్ష్యం కోసం నేను ఎక్కువ దూరం వెళ్లనక్కరలేకపోయింది. మా ఊరిని ఏలిన రాజుల వంశక్రమమే మొదటి సాక్ష్యం.

హనుమకొండ వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం సుప్రసిద్ధం. అందులో ఆయన తన తాత తండ్రుల ప్రతాపాన్ని, తన విజయాలను ఘనంగా చెప్పుకున్నాడు. అంతకు ముందరి తరాల ఊసు అక్కడ లేదు. కాకతీయుల వంశాన్ని వెన్నరాజు నుంచి మొదలుపెట్టి వరుసగా చెప్పినది బయ్యారం చెరువు శాసనం. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండి, 2016 నుంచి మహబూబాబాదు జిల్లాలోకి వచ్చిన బయ్యారం అది. ఆ చెరువు తవ్వించి శాసనం వేయించినది రాజు కాదు, రాజుగారి తోబుట్టువు. గణపతిదేవుని సోదరి, నతవాడి రుద్రుని భార్య అయిన మైలాంబ. వేరే ఇంటికి కోడలిగా వెళ్లిన ఆడపిల్ల, చెరువు గట్టున రాయి నిలిపి, తన పుట్టింటి తరాలన్నీ గుర్తుపెట్టుకొని చెక్కించింది. సింహాసనం మీద కూర్చున్న అన్నదమ్ములకు పట్టని పని ఆమెకు పట్టింది.

అయితే బయ్యారం జాబితా కూడా సంపూర్ణం కాదు. వేంగి చాళుక్య రాజు దానార్ణవుని కాలపు మాంగల్లు శాసనం (956) ఒకటుంది. కాకర్త్య గుండ్యన అనే సామంతుని కోరికపై ఇచ్చిన దానాన్ని చెబుతూ, ఆ గుండ్యన పూర్వులను కూడా పేర్కొంది. ఆ వరుస గుండియ, ఎఱియ, బేతియ. బేతియ భార్య వంద్యనాంబ. వారి కొడుకు గుండ్యన. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి వంటి పరిశోధకులు ఈ రెండు శాసనాలనూ పక్కపక్కన పెట్టి చదివారు. గుండన, ఎఱ్ఱన, పిండి గుండన అని బయ్యారం శాసనంలో వచ్చే వరుసతో ఇది సరిపోతుంది, ఒక్క పేరు తప్ప. బేతియ అక్కడ లేడు. ఏ ఘనకార్యమూ చేయకుండా చిన్న వయసులోనే పోయాడేమో, మూడు వందల సంవత్సరాలు గడిచేసరికి సొంత ఇంటి జ్ఞాపకంలోంచి జారిపోయాడు. పరాయి రాజు దానపత్రంలో మిగిలాడు, భార్య పేరుతో సహా.

మూడో సాక్ష్యం జనగామ ప్రాంతంలోని గూడూరు శాసనం. అది విరియాల వారిది. ఆ వంశపు ఎఱ్ఱన భార్య కామసాని, దిక్కులేని స్థితిలో ఉన్న కాకతి బేతరాజు పక్షాన చక్రవర్తిని దర్శించి అతనికి అనుమకొండను ఇప్పించిందని అది చెబుతుంది. ఆమె బేతరాజుకు మేనత్త అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ మేనత్త పూనుకోకపోతే తరువాత ఓరుగల్లు కోట ఎవరిదయ్యేదో! అంత మేలు చేసిన మనిషిని గురించి తెలుసుకోవాలంటే ఆమె మెట్టినింటి వారి శాసనమే గతి.

రాజుల ముచ్చట ఇంత పొడుగున చెప్పడానికి కారణం ఉంది. మా ఇంట్లో జరిగినదీ సరిగ్గా ఇదే. రాయికి బదులు ఒక ఇత్తడి గుండిగ, రాజ్యానికి బదులు కొత్తవాడలో రెండు గదుల పెంకుటిల్లు. అంతే తేడా.

మాది పద్మశాలి కుటుంబం. పరకాల దిక్కు ఒక పల్లె మా పూర్వుల ఊరు. తాత అక్కడినుంచి వరంగల్లుకు వచ్చి ఆజంజాహీ మిల్లులో పనికి కుదిరాడు. నిజాం తన పెద్ద కొడుకు పేరు మీద 1934లో పెట్టించిన ఆ మిల్లు వరంగల్లులో కొన్ని వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. ఇప్పుడు మిల్లు లేదు. మిల్లు గురించిన మాటలు మాత్రం మా ఇంట్లో నేటికీ ఉన్నాయి. తాత మిల్లు జీతంతో కొత్తవాడలో ఇల్లు కొన్నాడన్నది వాటిలో ముఖ్యమైన మాట. మా ఇంటి చరిత్ర ఆ వాక్యంతోనే మొదలయ్యేది.

మా వంశవృక్షాన్ని గీసినవాడు మా పెద్దనాన్న. 1979లో తాత పోయిన తరువాత, పల్లెలో మిగిలిన కొద్దిపాటి భూమిని వారసుల పేరు మీదికి మార్పించుకోవడానికి, అంటే మా దిక్కు మాటలో విరాసత్ చేయించుకోవడానికి గీశాడు. డ్రాయింగు కాగితం మీద నీలి సిరాతో, పొందికైన చేతిరాత. ముత్తాత, ఆయన ఒక్కగానొక్క కొడుకుగా తాత, తాతకు ముగ్గురు కొడుకులు. తాతకు ఇద్దరు బిడ్డలు కూడా ఉన్నారు. వారి పేర్లు లేవు. తండ్రి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఉందని 1956లోనే చట్టం చెప్పింది కాని, పల్లెల్లో కాగితం రాసే చేతికి ఆ అలవాటు రాలేదు. పెద్దనాన్న చెడ్డవాడు కాదు. చెల్లెళ్లంటే ప్రాణం పెట్టేవాడు. అయితే ఆ కాగితం భూమి కోసం పుట్టింది, భూమికి అవసరమైనవారినే చూపించింది. వంశవృక్షం ఏది చేతికి దొరికినా మొదట అడగవలసిన ప్రశ్న ఇదేనని నాకు అప్పుడే తట్టింది. దీన్ని ఎవరు, ఏ పని కోసం రాశారు?

సర్కారు దస్తావేజుల సంగతీ అంతే. నిజాం కాలపు సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఆ తరువాతి ఏటేటి పహాణీలు, ఇవన్నీ కుటుంబ చరిత్రకు పెన్నిధులే. పట్టాదారు పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, కబ్జాలో ఉన్నవారి పేరు దొరుకుతాయి. ఓపిక ఉంటే మూడు తరాలు వెనక్కి నడవవచ్చు. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో ఇనాముల విచారణల కాగితాలున్నాయి, ఇనాం ఉన్న కుటుంబాలకు అందులో వంశక్రమాలే దొరకవచ్చు. 2016లో పాత వరంగల్లు జిల్లా ముక్కలైంది కాబట్టి, తాతల కాగితాలు వెతికేవారు తమ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో ముందు చూసుకోవడం మంచిది. మా పరకాల ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. ఎంత వెతికినా ఈ కాగితాలు నేలను పట్టుకొని ఉన్న మనిషినే చూపిస్తాయి. నేలను విడిచి వెళ్లిన మనిషి వాటికి కనబడడు. ఆమె మొదటే కనబడదు.

నోటి మాట మీద నడిచే చరిత్ర మనకు లేదా అంటే, దానికేం, ఉంది. మా పద్మశాలీలకు కూనపులివారు చేర్యాల నకాషీ చిత్రకారులు రాసిన పటం గోడకు కట్టి, రాత్రుళ్లు మార్కండేయుని కథ, భావనారుషి కథ చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు, రెడ్లకు ఇప్పుడు వంశరాజులని పిలుచుకొంటున్న పిచ్చుకకుంట్లవారు ఉన్నారు. తెలంగాణలో కులకులానికీ ఇట్లా కథకులు ఉండడం గొప్ప సంపద. కాని వారు చెప్పేది కులం పుట్టుక, గోత్రాల పేర్లు, దానం చేసిన దాతల కీర్తి. మహావృక్షపు మొదలు వారి దగ్గర దొరుకుతుంది. మన ఇంటి కిటికీ దగ్గరి కొమ్మ సంగతి మన ఇంట్లోనే అడగాలి.

అడగవలసినవారు మా మేనత్తలే అని నాకు తెలియజెప్పినది ఆ గుండిగ. మా ఇంట్లో పెళ్లిళ్లకు, పండుగలకు తీసే పెద్ద ఇత్తడి గుండిగ. దాని మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా కొట్టిన తెలుగు అక్షరాల్లో ఒక ఆడమనిషి పేరు, షోలాపూర్, 1955 అని ఉంటుంది. పాత సామాను ఎవరిదో షోలాపూరులో అగ్గువకు వచ్చి ఉంటుందని మా ఇంట్లో అందరూ అనుకొనేవారు. 2011లో పెద్ద మేనత్త బతుకమ్మ పండుగకు పుట్టింటికి వచ్చినప్పుడు, ఆ గుండిగను ముందు పెట్టుకొని, ఇదెక్కడిదత్తమ్మా అని అడిగాను.

"కొన్నది కాదు బిడ్డా," అన్నది ఆమె. "మా మేనత్త తెచ్చింది, నా లగ్గానికి. మీ తాతకు అక్క. షోలాపురంల ఇచ్చిండ్రు. గామె లేకపోతే మనకు ఈ ఇల్లే లేకపోవు."

తాత ఒక్కగానొక్క కొడుకన్నది నిజమే. ఒక్కగానొక్క సంతానం కాదు. ముత్తాతకు మొదట ఒక బిడ్డ, తరువాత తాత. గత్తర వచ్చిన ఒక ఏడు ముత్తవ్వ పోయింది. ఆ పిల్లకు పన్నెండు పదమూడేళ్లు, తాతకు ఏడెనిమిది. తల్లిలేని తమ్ముణ్ని రెండేళ్లు సాకి, ఆ పిల్ల పెళ్లయి షోలాపూరు వెళ్లింది. అక్కడి మగ్గాల మీద, మిల్లుల్లో పనికి మా ప్రాంతం నుంచి వేలాది పద్మశాలి కుటుంబాలు వెళ్లి స్థిరపడ్డ సంగతి తెలిసిందే. నేటికీ ఆ ఊళ్లో తెలుగు వినబడుతుంది. తరువాత తమ్ముడు వరంగల్లుకు వచ్చి మిల్లులో చేరినప్పుడు, ఇంటికి కావలసిన డబ్బు ఆమె ఇంటినుంచే వచ్చిందట. మరి తాత ఏనాడూ ఎందుకు చెప్పలేదంటే మేనత్త ఒకే మాట అన్నది. "అక్క సొమ్ముతోని ఇల్లు కొన్ననంటే మొగోనికి తలవంపులు గాదా?"

చరిత్ర రాసేవారికి ఇంత మంచి కథ దొరికినప్పుడే భయం వేయాలి. 'ఏడు తరాలు' మనలో చదవనివారు తక్కువ. అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన 'రూట్స్'కు సహవాసి గారి తెలుగు. ఆ పుస్తకానికి ఊపిరి, ఆఫ్రికాలోని జఫూరె గ్రామంలో ఒక వంశ కథకుడు చెప్పిన కుంటా కింటే కథ. మరుసటి ఏడాదే మార్క్ ఒటావే అనే విలేఖరి ఆ ఊరికి వెళ్లి విచారించి, హేలీ ఏమి వినదలచుకొన్నాడో ఆ కథకునికి ముందే తెలుసునని రాశాడు. పుస్తకం గొప్పతనం దాని వల్ల నాకు తగ్గలేదు గాని, పాఠం మాత్రం మిగిలింది. పెద్దలను అడిగేటప్పుడు జవాబును ప్రశ్నలో పెట్టకూడదు. "తాతకు అక్క ఉండేదా?" అని అడిగితే, ప్రేమ కొద్దీ ఉండేదంటారు. "ఈ గుండిగ ఎక్కడిది?" అని అడగాలి. వస్తువును ముందు పెట్టి ఊరుకుంటే, జ్ఞాపకం దాని దారిన అది వస్తుంది.

అందుకని అత్తమ్మ మాటకు వేరే తోడు వెతికాను. మొదటి తోడు మా బాపు నోటనే దొరికింది. చిన్నప్పుడు షోలాపూరు నుంచి ఒకాయన వచ్చేవాడని, తనకన్నా చాలా పెద్దవాడని, ఆయనను తాను బావా అని పిలిచేవాడినని బాపు చెప్పాడు. ఎందుకు బావ అని ఎవరూ చెప్పలేదు, ఈయన అడగలేదు. నిలబడి ఆలోచిస్తే మన భాషలో వరుస పిలుపు కూడా ఒక దస్తావేజే. ఇంగ్లీషులో కజిన్ అంటే ఏ వైపు చుట్టమో తెలియదు. తెలుగులో బావ అన్నామంటే, ఏదో ఒక తరంలో ఈ ఇంటి ఆడపిల్ల ఆ ఇంటికి వెళ్లిందో, ఆ ఇంటి ఆడపిల్ల ఈ ఇంటికి వచ్చిందో అయి ఉండాలి. మర్యాదకు కలుపుకొనే వరుసలూ ఉన్నాయి కాబట్టి దీన్నే పూర్తి రుజువుగా పట్టుకోకూడదు. ఎటు వెతకాలో మాత్రం అది చూపిస్తుంది. తాత అక్క కొడుకు బాపుకు మేనబావ అవుతాడు. పిలుపు సరిపోయింది.

రెండో తోడు ఇంటి కాగితం. పెద్దనాన్న పెట్టెలో ఉర్దూలో రాసిన పాత దస్తావేజు ఒకటి ఎప్పటినుంచో ఉంది. మా తరంలో చదవగలిగినవారు లేరు. వరంగల్లులోనే ఉన్న ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయుడు, భూతద్దం పెట్టుకొని, చాయ్ తాగుతూ, గంటసేపట్లో మొత్తం చదివిపెట్టాడు. తేదీ ఇస్ఫందార్ నెల, 1345 ఫసలీ. హైదరాబాదు ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. ఆజూర్, దై, బహమన్ దాటి ఇస్ఫందార్ వచ్చేసరికి జనవరి కాబట్టి, ఇక్కడ 591 కలపాలి. అంటే 1936 మొదలు. మిల్లు వచ్చినది 1934లో. రెండేళ్ల లోపల కొత్త కూలివాడు జీతంలో మిగిల్చి ఇల్లు కొనడమన్నది లెక్కకు నిలిచే మాట కాదు. ఇక గవాహీల దగ్గరికి వచ్చేసరికి ఉపాధ్యాయుడు ఆగి, రెండో సాక్షి పేరు చదివి, "సాకిన్ షోలాపూర్" అన్నాడు. నివాసం షోలాపూరు. ఆ పేరు గుండిగ మీది పేరు గల ఆమె భర్తదని అత్తమ్మ చెప్పింది, నేను కాగితం సంగతి చెప్పకముందే.

డబ్బు ఎవరిదో ఆ కాగితంలో లేదు. కొన్నవాడు తాత, అమ్మినవాడు మరొకడు, పైకం ముట్టింది, అంతే. ఆ రోజు వరంగల్లులో ఆయన ఉన్నాడన్న మాటే కాగితం చెబుతుంది. ఎందుకు వచ్చాడన్నది అత్తమ్మ చెబుతుంది. ఒకదానికొకటి చేయి అందిస్తాయి గాని, రెండూ కలిసినా మధ్యలో ఒక జానెడు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని నేను పూడ్చలేదు.

2012లో బాపును తీసుకొని షోలాపూరు వెళ్లాను. రైలు వరంగల్లుకు వచ్చినది 1886లో. ఆ పిల్ల పెళ్లినాటికి రైలుబండి ఉంది కాబట్టి సికింద్రాబాదు, వాడి మీదుగా ఇదే దారిన వెళ్లి ఉంటుందని కిటికీలోంచి చూస్తూ అనుకొన్నాను. ఆమె మనుమల ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. తెలుగువారి వాడలో ఇంటిపేరు చెబితే చాలు. వారు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, మరాఠీలో చదువుతారు, రాస్తారు. ఆ తెలుగు మా నాయనమ్మ తెలుగు. మా ఇంట్లోనే ఇప్పుడు ఎవరూ అనని మాటలు అక్కడ విన్నాను.

వారి ఇంట్లో కథ వేరే తీరుగా ఉంది. అత్తమ్మ చెప్పినదాని ప్రకారం ఆ డబ్బు బావగారు ఇచ్చిన బదులు, తాత మెల్లమెల్లగా తీర్చాడు. షోలాపూరు కథలో అది బదులు కాదు. ఆమె తన వెండి కడియాలు అమ్మి తమ్మునికి ఇచ్చింది, తిరిగి తీసుకోలేదు, ఆ తరువాత చచ్చేదాకా కాళ్లకు కడియాలు పెట్టుకోలేదు. ఎవరి కథలో వారి ఇంటి పెద్ద గౌరవం నిలబడింది. ఏది నిజమో తేల్చే కాగితం లేదు, ఉండబోదు. రెండు కథలూ ఒప్పుకొనే అంశాలు మాత్రం గట్టివి. ఆమె ఉంది. డబ్బు ఆ ఇంటినుంచి వచ్చింది. తమ్ముని ఇంట్లో ఆడపిల్ల పెళ్లికి 1955లో ఆమె తన పేరు కొట్టించి గుండిగ తెచ్చింది. ఇంకో మాట కూడా వారే చెప్పారు. ముత్తవ్వ పేరు. మా ఇంట్లో ఎవరికీ తెలియని ఆ పేరును, తల్లి జ్ఞాపకంగా ఆమె తన పెద్ద బిడ్డకు పెట్టుకొన్నదట. వంద సంవత్సరాల కింద గత్తరలో పోయిన మా ముత్తవ్వ పేరు షోలాపూరులో నాలుగు తరాలుగా పలుకుతూనే ఉంది.

బాపు ఆ పేరు విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంటిపేరు వేరు కాబట్టి వారు మా వంశం కాదనే పెద్దలుంటారు. వారికి మళ్లీ మా ఊరి రాజుల కథే జవాబు. గణపతిదేవుని తరువాత ఓరుగల్లు సింహాసనమెక్కినది కూతురు రుద్రమ. రుద్రమ తరువాత ఏలిన ప్రతాపరుద్రుడు ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు. 2022 జూలైలో వరంగల్లులో కాకతీయ వైభవ సప్తాహం జరిగినప్పుడు, బస్తరు రాజకుటుంబానికి చెందిన కమల్ చంద్ర భంజ్ దేవ్ గారిని కాకతీయ వారసునిగా ఊరు ఎదురెళ్లి ఆహ్వానించింది. ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు తమ మూలపురుషుడని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. భంజ్ అన్నది ఒడిశాలోని మయూర్‌భంజ్ వారి పేరు. బస్తరును 1922 నుంచి 1936 వరకు ఏలిన రాణి ప్రఫుల్ల కుమారీ దేవి పెళ్లాడినది ఆ వంశపు వానిని. మనం కాకతీయుల వారసుడని పూలమాల వేసిన వ్యక్తి దాకా ఆ వరుస ఒక ఆడపిల్ల మీదుగానే వచ్చింది. రాజుల దగ్గర చెల్లిన న్యాయం సాలెవారి ఇంట్లో చెల్లకపోవడానికి కారణం నాకు కనబడలేదు.

ఇంటికి వచ్చాక పెద్దనాన్న కాగితాన్ని చెరపకుండా, దాని పక్కన కొత్త కాగితం పెట్టి మళ్లీ రాశాను. మూడు రంగుల సిరా వాడాను. కాగితంలో చూసినది నలుపు, ఒకరి నోట విన్నది నీలం (పక్కన చెప్పినవారి పేరు, విన్న తేదీ), నేను ఊహించినది ఆకుపచ్చ. ఇల్లు కొన్న తేదీ నలుపు. అక్క డబ్బు నీలం, రెండు కథలూ రెండు వరుసల్లో. ఆ దస్తావేజు రాసిన నాడు బావగారు డబ్బు మూటతోనే వచ్చి ఉంటాడన్నది ఆకుపచ్చ. ఈ పద్ధతిలో గొప్ప ఏమీ లేదు గాని, నా తరువాత ఈ కాగితం చేతికి తీసుకొనేవారు నా నమ్మకాన్ని సాక్ష్యంగా పొరబడకుండా ఉంటారు. పుట్టిన తేదీల దగ్గరా ఇదే జాగ్రత్త అవసరం. మా పెద్దల్లో సగం మంది బడి రిజిస్టరు ప్రకారం జూలై ఒకటిన పుట్టారు! అది నల్ల సిరాయే, అయినా నమ్మరానిది. "పోలీసు చర్య అయిన ఏడు పంట కోతలప్పుడు" అన్న నీలి సిరా మాటే అక్కడ నిజానికి దగ్గర.

ఈ కొత్త కాగితం భూమి ఇప్పించదు, విరాసత్‌కు పనికిరాదు. ఆ ఇల్లు కూడా మాకు మిగల్లేదు. అన్నదమ్ముల వాటాలయ్యాక 1990లలో చేతులు మారింది. అమ్మిన పైకం పంచుకొన్ననాడు షోలాపూరు పేరు ఎవరికీ గుర్తు రాలేదు. ఇప్పుడు చెల్లించగలిగినది డబ్బు కాదు.

మా దిక్కు భాద్రపద అమావాస్యను పెత్రమాస అంటారు. పొద్దున అయ్యగారికి బియ్యమిచ్చి, పోయిన పెద్దల పేర్లు తలుచుకొంటారు. తండ్రి, తాత, ముత్తాత అంటూ మగవారి వరుస సాగుతుంది. అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. అత్తవారిళ్లనుంచి వచ్చిన ఆడబిడ్డలు వాకిట్లో చేరేది ఆ పూటనే. పొద్దున చదివే వరుసలో లేనివారందరూ సాయంత్రం వాకిట్లో ఉంటారు. ఇన్నేళ్లూ చూస్తూ ఉన్నా, ఈ రెండూ ఒకే రోజున పడడం నేను పట్టించుకోలేదు. 2012 పెత్రమాసకు బాపు బియ్యమిస్తూ, అయ్యగారు అడగకముందే మరో రెండు పేర్లు చెప్పాడు. ఒకటి తన మేనత్తది, రెండోది ముత్తవ్వది. అయ్యగారు ఏ గోత్రమని అడిగితే, మేనత్తకు వారి గోత్రమే తడుముకోకుండా చెప్పాడు. షోలాపూరులో అడిగి తెలుసుకొని, చిన్న కాగితం మీద రాసుకొని జేబులో పెట్టుకొన్నాడన్నమాట.

పెద్ద మేనత్త 2019లో పోయింది. ఆమె చెప్పినవి ఎనిమిది గంటల రికార్డింగుగా నా దగ్గర ఉన్నాయి. అడగనివి ఆమెతో పోయాయి.

మిత్రులకు నా మనవి ఇది. వంశవృక్షం మొదలుపెట్టేముందు రెవెన్యూ ఆఫీసుకన్నా ముందు మేనత్త ఇంటికి వెళ్లండి. ఉంటే నాన్నగారి మేనత్త ఇంటికి వెళ్లండి. అటకల మీది బిందెలు, గంగాళాలు, చెంబులు దింపించి, వాటి మెడల మీద చుక్కల అక్షరాలను ఫోటో తీయండి. మన ఇళ్లలో ఆడవారి పేర్లు రాసి ఉన్న ఒకే ఒక్క చోటు చాలాసార్లు అదే. పాత ఇత్తడి కిలోల లెక్కన కొనేవాడు వారం వారం వీధిలోకి వస్తున్నాడు. అతనికి అక్షరాలతో పనిలేదు, తూకంతోనే పని. మా వీధిలోనే నిరుడు ఒక ఇంటివారు మూడు గుండిగలు వేశారు. వాటి మీద ఎవరి పేర్లున్నాయో చూసినవారు లేరు.